అరవై నాలుగు చుక్కల తాంబూలం

పచ్చయ్యప్ప ముప్పై నాలుగేళ్ళుగా తిరువళ్ళూరులో పట్టుచీరలు అమ్ముతున్నాడు. ముగ్గురు ఆడవాళ్ళు ఒకే పూట కొట్టుకు వస్తే ముగ్గురికీ ఒకే మాట చెప్పేవాడు: "ఇట్లాంటిది ఇంకొకటి లేదమ్మా." ముగ్గురూ నమ్మి తీసుకుపోయేవారు. ఆ ముగ్గురూ ఒకే పెళ్ళిలో ఎదురుపడనంతకాలం ఆ మాట నిజమే కదా అన్నది అతని లెక్క. ముప్పై నాలుగేళ్ళలో ఆ లెక్క ఒక్కసారే తప్పింది. అది కూడా కొట్లో తప్పలేదు, తిరుత్తణిలో తను కట్టించిన కల్యాణ మండపం గేటు మీది బోర్డులో తప్పింది.

మండపానికి మూడు అంతస్తులు, మూడు హాళ్ళు. మంచి ముహూర్తం వస్తే ఒకే రోజు మూడు పెళ్ళిళ్ళు. గేటు మీద పదహారడుగుల లైట్ల బోర్డు ఒక్కటే. దాని మీద వధూవరుల బొమ్మలు కదులుతుంటాయి, పేర్లు తమిళంలో మెరుస్తుంటాయి, ఏ హాలుకు పోవాలో బాణం గుర్తు చూపిస్తుంటుంది. ఆ ఆవణి నెల ముహూర్తానికి కింది హాలు బామ్మర్ది మునియప్పది, అతని కూతురు కోకిల పెళ్ళి. నడిమి హాలు తిరునిన్రవూరు వరదన్‌ది, అతని కొడుకు మురళి పెళ్ళి. వరదన్ ఇరవై ఏళ్ళ పాత గిరాకీ. పై హాలు అక్క అలిమేలమ్మది, ఆమె చిన్న కొడుకు కన్నన్ పెళ్ళి.

ముగ్గురూ వేరువేరుగా అడిగింది ఒకటే. బోర్డు మీద మా బొమ్మే అందరికంటే పైన ఉండాలని. పచ్చయ్యప్ప ముగ్గురికీ సరేనన్నాడు.

మునియప్పకు, వరదన్‌కు అన్న సరే ఒక రకం. అక్కకు అన్న సరే వేరు. పదకొండేళ్ళ కిందట పచ్చయ్యప్ప పెద్ద కొడుకు పెళ్ళిలో మొదటి తాంబూలం అక్కకు అందాల్సింది. పచ్చయ్యప్ప పెళ్ళాం పక్కన నిలబడి ఉందన్న ధైర్యంతో ఆమె తోడబుట్టిన మునియప్ప చెయ్యి చాచాడు. చాచిన చేతిలో పచ్చయ్యప్ప తట్ట పెట్టేశాడు. రెండో తాంబూలం పట్టుకుని చూస్తే అక్క లేదు. తన ఊరు తామరైపాక్కానికి బస్సు ఎక్కేసింది. ఆ తర్వాత తమ్ముడి ఇంట్లో రెండు గృహప్రవేశాలు, మూడు సీమంతాలు, అతనికి ఒక గుండె ఆపరేషన్ జరిగాయి. ఆమె దేనికీ గడప తొక్కలేదు. ఆపరేషన్ అప్పుడు మాత్రం పెరుగన్నం పంపించింది, గిన్నె వెనక్కి ఇమ్మని చెప్పి.

ఈ మండపం కూడా ఆమె అడిగింది కాదు. పిల్ల దీపిక తరఫువాళ్ళు అడిగారు. ఆమె ఒప్పుకుంటూ కన్నన్ చేత ఫోనులో ఒకే మాట చెప్పించింది.

"మా బొమ్మ మీద ఎవురి బొమ్మా ఉండకూడదంట మామా. ఉంటే గేటు కాడ్నుంచే బండి తిప్పేస్తాదంట. గుడి కొండ మెట్ల మీద తాళి కట్టిస్తాదంట."

పచ్చయ్యప్ప చెల్లెలి కూతురు రంజిత చెన్నైలో ఉద్యోగం చేస్తుంది. కార్లలో స్టీరింగు ముందు వెలిగే తెరలకు ప్రోగ్రాములు రాసే కంపెనీ. ముహూర్తానికి రెండు రోజుల ముందే ఆమెను మండపానికి పిలిపించి మేనమామ తన చిక్కు చెప్పాడు. కౌంటరు కింద నల్ల పెట్టె ఒకటుంది, బోర్డును నడిపేది అదే. ఆమె దాన్ని తట్టి చూసింది.

"ముగ్గురు ఫొటోగ్రాఫర్లూ వాళ్ళ ప్రోగ్రాములు ఈ పెట్టెలోనే వేసుకుంటారు గదా మామా. మూడింటినీ కలిపి ఒకే బొమ్మ చేయమంటే దీనికి శక్తి చాలదు, వేడెక్కి ఆగిపోతాది. కలపకుండా ఒక దోవ ఉండాది. దీంట్లో పొరలు ఉండాయి. అడుగున మన మండపం బంగారు తెర. దాని మీద మూడు పొరలు. ఒక్కో పార్టీ ఒక్కో పొర తీసుకుంటాది. పెట్టె వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి చూపిస్తాది, అంతే."

"కొట్లో చీర మీద చీర పరిచినట్ల."

"అట్లే. పైదాంట్లో యాడన్నా ఖాళీ ఉంటే అందులోంచి కిందిది కనపడతాది."

"నెట్టు చీర." పచ్చయ్యప్పకు విషయం బోధపడింది. "మూడు పొరలు, ముగ్గురు గిరాకీలు. సరిపోయింది."

"ఏం సరిపోయింది? పై పొర ఒకటే మామా. ముగ్గురికీ ఇచ్చేసినావంట గదా?"

"ముగ్గురికీ ఒకేసారి ఇస్తానని యాడ చెప్పినా?"

"బోర్డును మూడు ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చేయి. తలనొప్పి పోతాది."

"ఎడమ పక్క మొదటి ముక్క ఎవురికి?"

రంజిత ముక్కల మాట వదిలేసి పెట్టె వైపు తిరిగింది. ఆ కుటుంబంలో పుట్టిన పిల్లే కదా.

పచ్చయ్యప్ప లెక్క ఇలా ఉంది. బోర్డు గేటు మీద ఉంటుంది. గేటు దాటి లోపలికి పోయినవాడు మళ్ళీ బోర్డు చూడడు, టిఫను చూస్తాడు. కాబట్టి ఎవరు వచ్చే వేళకు వాళ్ళను పైకి తెస్తే చాలు. ఆరుంబావుకు అక్క. ఆరున్నరకు మునియప్ప. ఆరుముప్పావుకు వరదన్. తలా పావుగంట పై పొర. ముహూర్తం ఏడున్నరకు. అప్పటికి ముగ్గురూ తమదే పైన చూశామన్న తృప్తితో పీటల దగ్గర ఉంటారు. రంజిత ఆ వంతులన్నీ తన ప్రోగ్రాములో రాసింది. వంతు వేళకు, లేదా ఎవరు అడిగితే వాళ్ళకు పై పొర ఇవ్వడం, వంతు అయిపోగానే కిందికి దించడం దాని పని. బండి వేళ తప్పి వస్తే ఫొటోగ్రాఫరు ఫోనులో ఒక బటన్ నొక్కి అడగాలి. రిసెప్షన్లు ఎవరి ఊళ్ళో వాళ్ళు ముందే ముగించుకున్నారు, పొద్దున ముహూర్తానికే రావడం కాబట్టి అంతా నిమిషాల మీద నడుస్తుందని పచ్చయ్యప్ప నమ్మాడు.

ముహూర్తం రోజు ఆరుంబావుకు బోర్డు మీద కన్నన్, దీపిక నిండుగా వెలిగారు. చూడడానికి గేటు దగ్గర పూలమ్మే ఆమె తప్ప ఎవరూ లేరు.

"బండ్లు యాడ?" అని పచ్చయ్యప్ప ఫోను చేస్తే కన్నన్ చెప్పాడు. ఊరి బయట మలుపులో చెరుకు లారీ పడిపోయింది. రోడ్డు నిండా చెరుకు. మూడు పార్టీల బండ్లూ ఒకే దోవన వస్తున్నాయి కాబట్టి ఒకే వరసలో ఆగి ఉన్నాయి. పిల్లలు దిగి చెరుకు నములుతున్నారు.

ఆరున్నరకు కోకిల జంట పైకి వచ్చింది, ఖాళీ రోడ్డుకు నవ్వింది. ఆరుముప్పావుకు మురళి పైకి వచ్చాడు. ఆరూ యాభైకి దోవ తెరిచారు. తొమ్మిది బండ్లు కలిసి గేటు ముందుకు వచ్చాయి. అన్నిటికంటే ముందు అలిమేలమ్మ కూర్చున్న తెల్ల కారు.

ఆ క్షణాన బోర్డు ఎలా ఉందో చెప్పాలి. పై పొర వరదన్‌ది, నడిమి పొర మునియప్పది, కింది పొర అలిమేలమ్మది. ముగ్గురు ఫొటోగ్రాఫర్లూ తమ బొమ్మ నేరుగా బంగారు తెర మీదే కూర్చుంటుందని అనుకుని, మనుషుల చుట్టూ ఉన్నదంతా కత్తిరించి ఖాళీగా వదిలేశారు. అందుకు తోడు వరదన్ కోడలి ఫొటో సమయానికి అందలేదు. మురళి ఒక్కడే ఎడమవైపు నిలబడి ఉన్నాడు. కుడివైపు ఖాళీ. ఆ ఖాళీలోంచి కింది పొరలోని కోకిల చక్కగా కనిపిస్తోంది. ఆమె అసలు పెళ్ళికొడుకు మురళి వెనక పూర్తిగా మునిగిపోయాడు. అడుగున ఉన్న కన్నన్‌కు మురళి తల పక్కన ఒక చెవి మిగిలింది. దీపిక జడలోని మల్లెపూలు కోకిల భుజం మీదికి జారి కనిపిస్తున్నాయి. మూడు హాళ్ళ మూడు బాణాలూ ఒకే చోట పడి నక్షత్రంలా మెరుస్తున్నాయి.

మునియప్ప మొదట దిగాడు. "బావా! నా కూతురి పక్కన ఆ పిల్లోడు ఎవుడు?"

వెనక బండిలోంచి వరదన్ దిగాడు. "ఎన్నప్పా ఇది? మా కోడలు నల్లగా పొట్టిగా ఉంటాది. ఈ పిల్ల ఎవురు?"

"నా బిడ్డ," అన్నాడు మునియప్ప కోపంగా.

ఇద్దరూ తల ఎత్తి బోర్డు చూశారు.

"ఎత్తు సరిపోయింది," అన్నాడు వరదన్.

"ముక్కు కూడా. పిల్లోడు ఏం చేస్తా ఉండాడు?"

"రైల్వేలో. పర్మనెంటు."

"మేము చూసినోడు షిప్పింగు కంపెనీ. ఆరు నెలలు సముద్రంలోనే."

"అయ్యో పాపం," అన్నాడు వరదన్ మనస్ఫూర్తిగా. వాళ్ళ వెనక ఒక ముసలామె కోకిల నక్షత్రం ఏమిటని అడగడం మొదలుపెట్టింది. మరొకాయన, బోర్డు మీద వచ్చేసింది కాబట్టి ఇక పెద్దలు ఆలోచించుకోవాల్సిందేనన్నాడు. దూరపు చుట్టాలు కొందరు నక్షత్రం గుర్తు పార్టీ ఎక్కడ అని వాచ్‌మన్‌ను అడిగారు. అతడు ఎందుకైనా మంచిదని అందరినీ టిఫను హాలుకు పంపాడు.

పచ్చయ్యప్ప వాళ్ళెవరినీ చూడలేదు. తెల్ల కారు దగ్గరికి పోయాడు. అద్దం దిగింది. పదకొండేళ్ళ తర్వాత అక్క ముఖం చూడటం అదే. వెంట్రుకలు పూర్తిగా తెల్లబడ్డాయి. ముక్కుపుడక మారలేదు.

"ఏమిరా పచ్చయ్యా," అంది ఆమె బోర్డు వైపే చూస్తూ. "పదకొండేండ్లకు పిలిచినావు. పిలిచి నా కొడుకు చెవి చూపిస్తా ఉండావు."

"అక్కా, రెండు నిమిషాలు..."

"చెవి బాగుండాది. కమ్మ పెట్టించేదానికి పనికొస్తాది."

"ఆరుంబావుకు మీదే పైన ఉన్నింది అక్కా. సత్యంగా. పూలామెను అడుగు."

"నా కొడుకు పెండ్లికి సాక్షి పూలామెనా?" ఆమె డ్రైవరు వైపు తిరిగింది. "ఏడున్నర లోపల కొండకు పోగలమా అయ్యా?"

పచ్చయ్యప్ప గడియారం చూసుకున్నాడు. ఏడు. కౌంటరు దగ్గరికి పరిగెత్తాడు. ఆపరేషన్ తర్వాత అతడు పరిగెత్తడం అదే మొదటిసారి.

"రంజితా! పెద్దమ్మ పొర పైకి తీసుకురా!"

రంజిత వేళ్ళు కదిపింది. కన్నన్, దీపిక పైకి వచ్చారు. వచ్చిన మరుక్షణం కోకిల పైకి వచ్చింది. ఆ వెంటనే మురళి. మళ్ళీ కన్నన్. పదహారడుగుల బోర్డు మీద ముఖాలు పేకముక్కల్లా తిరగబడుతున్నాయి.

"ఏమైంది?"

"గుణ బటన్ నొక్కతానే ఉండాడు మామా, మునియప్ప మామ వాళ్ళ ఫొటోగ్రాఫరు. ఆయన్ని చూసి వరదన్ వాళ్ళ మనిషి నొక్కతా ఉండాడు. అడిగినోళ్ళకు ఇచ్చేయమని నేనే రాసినా గదా."

"ఆపు!"

"ఆపితే మూడు పొరలూ పోతాయి. ఉట్టి తెర మిగులుతాది. అప్పుడు ముగ్గురికీ మాట తప్పినట్లు."

గేటు అవతల తెల్ల కారు ఇంజను స్టార్టయిన చప్పుడు వినిపించింది. పచ్చయ్యప్ప బోర్డు వైపు చూశాడు. ఆ కలగాపులగం మధ్య ఒక్కటి మాత్రం కదలకుండా, ఎవరి కిందా పడకుండా ఉంది. చిన్న తెల్ల బాణం.

"అది ఎవురిది?"

"యాది?"

"ఆ బాణం. ముగ్గురు తిరగబడతా ఉండారు, దాన్ని ఎవురూ మూయలేకపోతా ఉండారు."

"అది ఎవురిదీ కాదు మామా. మౌస్ బాణం. దానికి వేరే పొర ఉంటాది, అన్నిటికంటే పైన. కానీ చిన్నది. అడ్డంగా అరవై నాలుగు లైటు చుక్కలు, నిలువుగా అరవై నాలుగు."

"అందరి పైన ఒక పొర ఖాళీగా పెట్టుకుని నాకు చెప్పలేదా!"

"నువ్వు పార్టీకో పొర అడిగినావు. ఇది పార్టీలకు ఇచ్చేది కాదు మామా."

"ఇవ్వకూడదని ఎవురన్నా రాసిపెట్టినారా?"

రంజిత ఆలోచించింది. "లేదు."

పచ్చయ్యప్ప మనసులో లెక్క వేశాడు. పదహారడుగుల బోర్డు అడ్డంగా ఆరువందల నలభై చుక్కలు. అరవై నాలుగంటే పదో వంతు. అడుగున్నర పైచిలుకు. అంటే ఒక తట్ట వెడల్పు. వాకిట్లో పన్నీరు బుడ్డి పక్కన నిజంగానే తాంబూలం తట్ట ఉంది. తమలపాకులు, వక్క, అరటిపండ్లు, టెంకాయ.

"ఆ తట్టను ఫొటో తియ్యి. బాణం తీసేసి దాన్ని పెట్టు. ఇంకెవురు నొక్కినా రాకూడదు. అక్క చేతికిచ్చే మౌస్‌కు మాత్రమే రాసియ్యి."

"పెద్దమ్మ పేరు మీద?"

"పేరు ఎందుకు, మౌస్ మీద రాయి."

నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ పచ్చయ్యప్ప కారు ముందు చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాడు. చుట్టాలు చూస్తున్నారు, హారన్ మోగుతోంది, అతడు కదల్లేదు. రంజిత వచ్చి తీగ లేని మౌస్ ఒకటి, దానికి అడుగున పెట్టుకోవడానికి ఖాళీ చీర పెట్టె ఒకటి అందించింది. అతడు వాటిని రెండు చేతులతో కిటికీలోంచి అక్క ఒడిలో పెట్టాడు.

"ఇదేంది?"

"అక్కా, మీ మీద ఎవురూ ఉండకూడదన్నావు. ఎంత పెద్దగా ఉండాలో నువ్వు చెప్పలేదు. ఆ బోర్డులో అందరి మీదా ఉండేది ఒకటే ఉండాది. అది నీకు రాసిచ్చినా. చెయ్యి పెట్టి జరుపు."

అలిమేలమ్మ అనుమానంగా మౌస్ మీద అరచెయ్యి పెట్టింది. బోర్డు మీద మురళి చెంప మీద ఉన్న తాంబూలం తట్ట సర్రున జారి ఒక మూలకు పోయింది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్ళీ పెట్టింది. ఈసారి ఎండబోసిన వడ్లను సవరించినట్టు మెల్లగా తిప్పింది. తట్ట కదిలింది. ముఖాలు ఇంకా తిరగబడుతూనే ఉన్నాయి, ఎవరు పైకి వచ్చినా తట్ట కిందే వస్తున్నారు.

"ఎవురూ దీన్ని మూయలేరా?"

"దేవుడు కూడా మూయలేడు అక్కా. కరెంటు ఆఫీసువాడు ఆపితే తప్ప."

ఆమె తట్టను వరదన్ పేరు దగ్గరికి తీసుకుపోయింది. ఒకసారి చూసి వదిలేసింది. కన్నన్ ముఖం మెరిసినప్పుడు ఆ పక్కనుంచి జాగ్రత్తగా తప్పించింది. తర్వాత కింది వరుసలోకి దిగింది. అక్కడ ఆహ్వానించువారు అని రాసి, దాని కింద పెద్ద అక్షరాల్లో మునియప్ప పేరు ఉంది. తట్ట ఆ పేరు మీద కూర్చుంది. ఒక్క అక్షరం కూడా బయట లేదు. ఆమె మౌస్ మీదినుంచి చెయ్యి తీసేసింది.

"బావా! నా పేరు మూసేసింది!" అన్నాడు మునియప్ప.

"నీ పేరు యాడికీ పోలేదు మునియప్పా. కిందే ఉండాది," అన్నాడు పచ్చయ్యప్ప.

"తీయమను!"

"పదకొండేండ్ల కింద నువ్వు చెయ్యి చాపినప్పుడు నేను తీసుకోవద్దని అన్నానా? ఆమెను ఇప్పుడు ఎట్ల అడిగేది?"

మునియప్పకు ఆ రోజు గుర్తొచ్చింది. వరదన్‌ను పట్టుకుని టిఫనుకు పోయాడు.

పచ్చయ్యప్ప కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. గిరాకీ లేచిపోతుంటే కూర్చోబెట్టే మాటలు అతనికి వందల్లో తెలుసు. వాటిలో ఒక్కటీ వాడలేదు. "ఆ రోజు తప్పు చేసినా అక్కా," అన్నాడు చివరికి.

"తెలుసులే. తలుపు తియ్యి. మోకాళ్ళు పట్టుకుపోయినాయి."

ఆమె దిగింది. చీర పెట్టె సీటు మీద వదిలి, మౌస్‌ను మాత్రం కొంగున ముడి వేసుకుంది. అతడు వాకిట్లోని నిజం తాంబూలం తెచ్చి అందించబోయాడు.

"అది అందరికీ ఇచ్చేదే గదరా," అంది ఆమె తల ఊపుతూ. "నాది పైన ఉండాది." అని గేటు దాటింది. టైము ఏడూ ఇరవై రెండు.

మూడు పెళ్ళిళ్ళూ జరిగాయి, ఎవరికి అనుకున్నవాళ్ళతో వాళ్ళకే. మునియప్ప, వరదన్ మాత్రం ఆ రోజునుంచి ఒకరినొకరు వియ్యంకుడా అని పిలుచుకుంటున్నారు.

తర్వాతి ముహూర్తానికి వచ్చిన పార్టీ ముందురోజే ఒక ఫిర్యాదు చేసింది. బోర్డు మీద తాంబూలం తట్ట ఒకటి ఎప్పుడూ ఉంటోంది. తమ పెళ్ళికొడుకు తండ్రి పేరు సరిగ్గా దాని కిందే పడుతోంది. తీయండి.

పచ్చయ్యప్ప రంజితకు ఫోను చేశాడు. ఆమె నవ్వింది. "ఆ పొర ఆ మౌస్‌కు రాసిచ్చేసినాం గదా మామా. అది వదిలిపెట్టేదాకా ఇంకెవురు అడిగినా రాదు. రెండు నిమిషాల పని, ఇక్కడ్నుంచే లాగేసుకుంటా. తీసేయమంటావా?"

పచ్చయ్యప్ప గోడ మీది క్యాలెండరు చూశాడు. తై నెల దాటేలోపు పద్నాలుగు ముహూర్తాలు. కన్నన్ పెళ్ళికి ముందు పదకొండేళ్ళలో అక్క వచ్చినవి సున్నా.

"తీయొద్దు," అని పెట్టేసి, తామరైపాక్కానికి ఫోను కలిపాడు.

"అక్కా, రేపు పొద్దున ఐదింటికి కారు పంపిస్తా. తాంబూలం కొంచెం జరపాల."

"ఎంత?"

"నాలుగు వేళ్ళు. ఎడమకు."

"నాలుగు వేళ్ళకు అరవై కిలోమీటర్లు రావాల్నా నేను?"

"నువ్వు తప్ప ఎవురూ జరపలేరంట అక్కా. రంజిత చెప్పింది."

అవతల కొంగు ముడి విప్పుతున్న గాజుల చప్పుడు. మౌస్ ఉందో లేదో చూసుకుంటోంది కాబోలు.

"ఐదింటికి వద్దు, ఐదున్నరకు పంపించు," అంది అలిమేలమ్మ. "పొంగల్లో మిరియాలు ఎక్కువ వేసినారు పోయినసారి. మీ వంటాయనకు నేనొస్తా ఉండానని చెప్పు."